ఈఎంఐకి మూఢం ఉండదు తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే, మాది వరంగల్, 27 ఏళ్లు. ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తా, పెళ్లికి 12 వేలు తీసుకుంటా. సీజన్‌లో నెలకి 60 వేలు దాకా వస్తది, అన్ సీజన్‌లో 20 కూడా కష్టమే, సగటున 35 అనుకోండి. ఖర్చులు నెలకి 20 వేలు. బ్యాంకులో లక్షా 40 వేలున్నాయి, 2 లక్షల చీటీ ఒకటి నడుస్తుంది. పీసీ 2018లో కొన్నది, ఇంటెల్ ఐ5 8400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, తర్వాత ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేయించా. సోనీ ఏ7 ఫోర్ కెమెరా ఫుటేజ్ పెడితే ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ అస్సలు కదలట్లే. రాత్రిపూట వాలరెంట్ గేమ్ ఆడతా. షాపులో ఏఎమ్‌డీ రైజెన్ 7 9800ఎక్స్3డి ప్రాసెసర్‌తో పీసీ 1,45,000, రైజెన్ 9 9950ఎక్స్3డితో 1,80,000 కొటేషన్ ఇచ్చారు, 16 శాతం మీద 24 నెలల లోన్ కూడా ఇప్పిస్తామన్నారు. ఫ్రెండ్ ఒకడు తన ఇంటెల్ 14900కే ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటున్నాడు. ఈఎంఐ పెట్టాలా, చీటీ ఎత్తాలా? టాక్స్ కూడా కలిసొస్తదంటున్నారు, నిజమేనా అన్నా?

జవాబు: తమ్ముడూ, మొన్న ఫోన్‌లో అడిగితే నువ్వు ఇంకొన్ని సంగతులు చెప్పావ్, అవి మెయిల్‌లో లేవు, వాటిలో మూడు ముఖ్యం. ఒక్కో పెళ్లికి ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి కాపీలు, చేసుకోడానికే ఒక రాత్రంతా పోతోంది, పోయిన సీజన్‌లో టైం లేక నెలకి రెండు పెళ్లిళ్లు వదిలేసుకున్నావ్, నీ మానిటర్ 75 హెర్ట్జ్‌ది. నీ ప్రశ్నకి జవాబు ఈ మూడింట్లోనే ఉంది, అందుకే ముందు వీటి సంగతి చూసి తర్వాత డబ్బుల దగ్గరికొస్తా.

9800ఎక్స్3డి మంచిది కాదని నేననను, ఆటలకి దాన్ని మించింది పెద్దగా లేదు. 2024 నవంబర్‌లో 479 డాలర్లకి వచ్చింది, 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్. ఈ క్యాష్ అంటే పొయ్యి పక్కన పోపుల డబ్బా లాంటిది, ఆవాలు జీలకర్ర కావాల్సినప్పుడల్లా స్టోర్ రూమ్‌కి పరిగెత్తక్కర్లేదు, ఆటల్లో అవే చిన్న చిన్న డేటా ముక్కలు మళ్లీ మళ్లీ కావాలి కాబట్టి డబ్బా పెద్దదైతే ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే ఫ్రేములు, పెరుగుద్ది. బానే ఉంది, కానీ నీది 75 హెర్ట్జ్ మానిటర్ కదా, ఆట 400 ఎఫ్‌పీఎస్ ఇచ్చినా నీ కంటికి ఆ స్క్రీన్ చూపించేది 75 ఫ్రేములే. నీ పాత 8400 మీదే వాలరెంట్ 75 దాటి ఆడుతోందని నువ్వే చెప్పావ్. అంటే పెద్ద డబ్బా కొంటున్నావ్ గానీ ఇంట్లో పోపు పెట్టే వంటే లేదు.

9950ఎక్స్3డి ఇంకో కథ. 16 కోర్లు 32 థ్రెడ్లు, 2025 మార్చిలో 699 డాలర్లు. లోపల ఎనిమిదేసి కోర్ల ముక్కలు రెండుంటే అదనపు క్యాష్ ఒక ముక్క మీదే ఉంటుంది, అందుకే ఆటల్లో 9800ఎక్స్3డికి దీనికి చెప్పుకోదగ్గ తేడా రాదు, మిగతా ఎనిమిది కోర్లు పనికోసం. పెళ్లి భోజనాలకి వంటవాళ్లు ఎక్కువుంటే వంట తొందరగా అవుద్ది కదా అలాగన్నమాట, బ్లెండర్ లాంటి 3డి సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ మీద రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం లాంటి వాటికి ఆ 16 మంది నిజంగా చెమటోడుస్తారు. నీ పనిలో అంత వంట లేదు. నీ గొడవ కూరగాయల సంచీ ముడి విప్పేవాడు లేకపోవడం.

ఆ ముడి ఏంటో చెప్తా, షాపోడు చెప్పనిది ఇదే. నువ్వు ఎడిట్ చేసేది హెచ్.265 10 బిట్ 4:2:2 ఫుటేజ్, అంటే బాగా కుదించి, రంగుల వివరం ఎక్కువుంచి దాచే వీడియో ఫార్మాట్. దీన్ని విప్పి చూపించే హార్డ్‌వేర్ నీ 8400లో లేదు, నీ 3060లోనూ లేదు, అందుకే ఆ భారమంతా ఆరు కోర్ల నెత్తిన పడి టైమ్‌లైన్ గడ్డకట్టిపోతోంది. మరి లక్షా 80 వేల 9950ఎక్స్3డిలో ఉన్న గ్రాఫిక్స్‌కైనా వచ్చా అంటే దానికీ రాదు! కోర్లు ఎక్కువున్నాయి కాబట్టి కుస్తీపట్టి లాగుద్ది అంతే. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనేది ఉంటుంది, డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచి అది ఈ ఫార్మాట్‌ని నేరుగా విప్పుతుంది, ప్రీమియర్ దాన్ని బాగా వాడుకుంటుంది. అందుకే నేను చెప్పేది ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే అనే ప్రాసెసర్. 20 కోర్లు, 2024 అక్టోబర్‌లో 394 డాలర్లకి వచ్చింది. ఆటల్లో 9800ఎక్స్3డి కంటే వెనకే ఉంటుంది, అబద్ధం చెప్పను, నీ మానిటర్ మీద మాత్రం ఆ తేడా నీకు తెలీదు.

ఇక్కడ ఒక గమ్మత్తు జాగ్రత్త. 265కేఎఫ్ అని ఇంకోటుంది, కాస్త తక్కువకి వస్తుంది, చివర ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ లేనట్టు లెక్క. "గ్రాఫిక్స్ కార్డు నీకుంది కదా బ్రో, ఎఫ్ తీసుకో, డబ్బులు మిగులుతాయి" అని కౌంటర్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆటలు మాత్రమే ఆడేవాడికి అది మంచి సలహానే, నీకు మాత్రం మనం దేనికోసం కొంటున్నామో అదే పోతుంది.

ఫ్రెండ్ దగ్గరున్న 14900కే జోలికి వద్దు, ఫ్రెండ్‌షిప్ కూడా మిగులుద్ది. 13, 14 తరాల ఇంటెల్ చిప్‌లకి వోల్టేజ్ ఎక్కువై లోపల దెబ్బతినే సమస్య వచ్చింది, 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి వారంటీని రెండేళ్లు పెంచారు, కానీ అప్పటికే పాడైన చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. మీవాడు దాన్ని ఎన్నాళ్లు ఎలా వాడాడో నీకు తెలీదు, సగం ఎక్స్‌పోర్ట్‌లో క్రాష్ అయితే పెళ్లివాళ్లకి ఏం చెప్తావ్.

ఏఎమ్‌డీ అభిమానులు అడిగే ప్రశ్న ఒకటుంది, రేపు బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోగలవా అని, నిజాయితీగా అదీ పెడతా. రైజెన్‌లు కూర్చునే ఏఎం5 రకం మదర్‌బోర్డుకి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎమ్‌డీ కంపెనీ అంది, 265కే కూర్చునే బోర్డుకి అంత భవిష్యత్తు లేదు. పాత ఏఎం4 బోర్డుల మీద బయాస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డి ప్రాసెసర్ పెట్టుకున్నవాళ్లు నిజంగా లాభపడ్డారు. కానీ తమ్ముడూ నువ్వు 2018లో కొన్న ప్రాసెసర్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మార్చలేదు. మార్చే అలవాటున్నోడికే ఆ సౌకర్యానికి విలువ.

ఇప్పుడు డబ్బులు. లక్షా 80 వేలు 16 శాతం మీద 24 నెలలకి తీసుకుంటే ఈఎంఐ 8,800 పైన, వడ్డీ మొత్తం 31,500 దాకా అవుద్ది. చీటీ ఇప్పుడు పాడితే 45 వేలు వదులుకోవాలని ఫోన్‌లో అన్నావ్, అది ఇంకా దారుణం, దాని జోలికే పోకు, నడవనీ. వడ్డీ కంటే నన్ను భయపెట్టేది నీ ఆదాయం తీరు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢం వస్తే నెలలకి నెలలు కెమెరా బ్యాగ్ అటక మీదే, కానీ ఈఎంఐకి మూఢం ఉండదు, 5వ తారీఖు రాగానే కట్ అవుద్ది. 20 వేలు ఖర్చులకే సరిపోని నెలలో ఇంకో 8,800 ఎక్కడ తెస్తావ్, క్రెడిట్ కార్డు గీకుతావ్, ఆ తర్వాత కథ నాకు మెయిల్ రాసేవాళ్లలో సగం మంది చెప్పే కథే.

"నో కాస్ట్ ఈఎంఐ" అని ఇంకెవరైనా అంటే మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తే ఎంత తగ్గిస్తారో అడుగు. తగ్గించేదంతా వడ్డీయే. సున్నా శాతం వడ్డీ అనేది ఉండదు, ఏదో ఫీజు పేరుతో దాస్తున్నారని ఆర్బీఐ 2013లోనే చెప్పింది.

అందుకని ఇలా చేద్దాం. లక్షా 40లో 60 వేలు, అంటే మూడు నెలల ఖర్చు, పక్కన పెట్టి అది లేదనుకో. మిగిలింది 80. క్యాబినెట్, ఎస్ఎస్‌డీ, 3060 పాతవే వాడుకుంటే 265కే, బోర్డు, 32 జీబీ ర్యామ్, కూలర్, మంచి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కలిపి లక్ష దగ్గర్లోకి రావాలి, డీడీఆర్5 ర్యామ్ రేట్లు 2025 చివర్నుంచి మండిపోతున్నాయి కాబట్టి కాస్త అటూఇటూ అవ్వచ్చు. ఆ తక్కువైన 20 వేలు సీజన్‌లో రెండు పెళ్లిళ్ల డబ్బులు, నువ్వు నెలకి వదిలేస్తున్నవే. ఆగలేనంటే ఇంకో అడ్డదారి ఉంది, 3060 అమ్మేసి ఆర్టీఎక్స్ 50 సిరీస్ కార్డు ఒకటి వేసుకో, వాటికి 4:2:2 విప్పడం వచ్చు, ఎఫెక్టులు, స్టెబిలైజేషన్ దగ్గర పాత ఆరు కోర్లు మళ్లీ ఆయాసపడతాయి గానీ ఒక సీజన్ గడిచిపోద్ది.

టాక్స్ మాట వదిలెయ్. నీ సంపాదన ఏడాదికి 4 లక్షల పైచిలుకు, కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా రిబేట్ ఉంది, నువ్వు కట్టేదే సున్నా అయితే ఆదా చేసేదేంటి. జీఎస్టీ నంబర్ కూడా లేదు కాబట్టి 18 శాతం వెనక్కి రాదు, అయినా బిల్లు నీ పేరు మీదే తీసుకో, వారంటీకి అదే ఆధారం. ఫోన్‌లో కరెంటు గురించి కూడా అడిగావ్, 100 వాట్లు ఎక్కువ తాగినా రోజుకి 6 గంటల చొప్పున 25 రోజులకి 15 యూనిట్లు, యూనిట్ పది వేసుకున్నా 150 రూపాయలు, పోనీలే.

కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లే రోజు, నీ దగ్గర బాగా ఇబ్బంది పెట్టిన ఫుటేజ్ ఉంటుంది చూడు, తలంబ్రాల సీనో బారాత్ సీనో, ఆ క్లిప్పులు ఒక పోర్టబుల్ ఎస్ఎస్‌డీలో వేసుకెళ్లు. 265కే ఉన్న సిస్టం ఏదైనా డెమోకి పెట్టారేమో అడిగి, ప్రాక్సీ లేకుండా టైమ్‌లైన్ మీద లాగి చూడు. సాఫీగా కదిలితేనే డబ్బు తియ్, బిల్లు మీద 265కే అనే ఉందా, వెనకాల ఎఫ్ తగిలించారా అన్నది అక్కడే కౌంటర్ దగ్గరే చూసుకో.