కట్టెల స్టవ్ ఎంత మండించినా గది వెచ్చబడకపోవడానికి కారణం: స్టవ్ కాదు, కట్టెలోని తడి

అమెరికాలోని న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలో మీరు ఇటీవల కొన్న పాత ఇంట్లో కట్టెల స్టవ్ ఉందనీ, బాగా ఎండినవని చెప్పి అమ్మిన ఓక్ కట్టెలను చలికాలం మొదలైనప్పటి నుంచీ కాలుస్తున్నా గది వెచ్చబడటం లేదనీ, తలుపు అద్దం పూట తిరగకుండానే నల్లబడుతోందనీ రాశారు. స్టవ్ మార్చాలా, వచ్చే ఏటికి కట్టెలు అడవి నుంచి తెచ్చుకోవచ్చా, వాటిని బేస్‌మెంట్‌లో నిల్వ చేయవచ్చా అని అడిగారు. మేమూ ఇదే రాష్ట్రంలో చాలా ఏళ్లుగా ఇంటిని ప్రధానంగా కట్టెలతోనే వెచ్చగా ఉంచుకుంటున్నాం కనుక అనుభవంతో చెబుతున్నాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ కట్టెలో మిగిలిపోయిన తడి వల్ల వచ్చేవే. స్టవ్ మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మన వైపు తుమ్మ కట్టెనో సరుగుడునో చీల్చి ఎండలో వేస్తే ఒక్క వేసవిలో ఎండిపోతుంది. ఆ లెక్క ఇక్కడి ఓక్‌కు పనికిరాదు. అప్పుడే కొట్టిన రెడ్ ఓక్‌లో, పూర్తిగా ఎండిన కలప బరువుతో పోల్చి చూస్తే, మూడింట రెండు వంతులకు పైగా బరువు నీటిదే ఉంటుంది. పచ్చి దుంగను చీల్చేటప్పుడు గొడ్డలి దిగినచోట తడి ఊరడం కంటికి కనిపిస్తుంది, పులిసిన వాసన కూడా వస్తుంది. ఈ నీరు ఆవిరైపోయేదాకా, తడి ఉన్నచోట కట్టె వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పోలేదు. కట్టెలో ఉన్న శక్తిలో సగానికి పైగా అది కాగినప్పుడు వెలువడే వాయువుల్లో ఉంటుంది. ఆ వాయువులు సరిగా అంటుకోవాలంటే పొయ్యి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. తడి కట్టె ఆ వేడిని రానివ్వదు కాబట్టి, గదికి చేరవలసిన శక్తి పొగ రూపంలో పైకి పోయి, దారిలో అద్దానికీ పొగగొట్టానికీ మసిగా అంటుకుంటుంది. మండుతున్న కట్టె కొసల వద్ద బుడగలు వస్తూ, సన్నగా బుస్సుమని శబ్దం వినిపిస్తుంటే ఇక సందేహించనక్కరలేదు.

అయినా నిర్ధారించుకోవడం మంచిది. హార్డ్‌వేర్ దుకాణాల్లో తడిని కొలిచే, రెండు సూదులున్న మాయిశ్చర్ మీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. కట్టె పైభాగంలో గుచ్చి చూస్తే అది మీకు తప్పుడు ధైర్యాన్నిస్తుంది, ఎందుకంటే పైపొర ఎప్పుడూ లోపలికంటే ముందే ఎండుతుంది. ఒక కట్టెను ఇంట్లోకి తెచ్చి ఒక రోజు ఉంచి (చల్లని కట్టెలో మీటర్ తక్కువ చూపిస్తుంది), దాన్ని మళ్లీ నడిమికి చీల్చి, కొత్తగా బయటపడిన లోపలి ముఖం మీద నార వెంట, అంటే చెక్క పోగులు సాగే దిశలో, సూదులు గుచ్చాలి. 20 శాతం లోపు ఉంటే కాల్చవచ్చు. మీ ఓక్‌లో 30 దాటినా నేను ఆశ్చర్యపోను. అమ్మేవారు అబద్ధం చెప్పారని కూడా అనుకోనక్కరలేదు. దుంగలు ఏడాదిగా తమ ఆవరణలో పడి ఉంటే చాలామంది వాటిని ఎండినవనే అంటారు. కానీ బెరడు ఉన్న నిలువు దుంగలో నీరు ఎటూ పోలేదు. నీరు నార వెంట కదిలినంత తొందరగా నారకు అడ్డంగా కదలదు. అందుచేత స్టవ్‌కు తగిన పొడవున, అంటే 16 అంగుళాల దరిదాపుల్లో, తరిగి చీల్చిన రోజే ఎండటం నిజంగా మొదలైనట్టు లెక్క.

ఈ చలికాలం గడవడానికి చెక్కపొడిని అదిమి తయారుచేసిన, మైనం కలపని ఇటుకలను కొనుక్కోండి. అవి బాగా పొడిగా ఉంటాయి. ఒకేసారి స్టవ్ నింపేయకుండా, ఇటుకల తయారీదారు చెప్పిన సంఖ్యకు మించకుండా వాడాలి. చేతిలో ఉన్న ఓక్‌ను పారేయవద్దు. దాన్ని పేర్చి ఉంచితే మరో రెండు వేసవుల తర్వాత అంతకు మించిన కట్టె మీకు దొరకదు.

ఇక వచ్చే ఏటి కట్టెల సంగతి. వైట్ మౌంటెన్ జాతీయ అటవీ ప్రాంతంలో సొంత అవసరానికి కట్టెలు తెచ్చుకోవడానికి అటవీ శాఖ అనుమతి పత్రం అమ్ముతుంది. ఏ చోట, ఎలాంటి కట్టె తీసుకోవచ్చో ఆ పత్రంతో పాటే చెబుతారు. ఓపిక ఉండి, సొంత వాహనం ఉన్నవారికి అది మంచి దారి. అయితే కొత్తవారికి నేను చెప్పేది, చెట్టు పడగొట్టే పని మాత్రం నేర్చినవారికే వదిలేయమని. ముఖ్యంగా యాష్ చెట్ల విషయంలో. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చని మెరుపు పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడింది, 2013లో న్యూహ్యాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌లోనూ కనిపించింది. దాని పిల్లపురుగులు బెరడు కింద మెలికలు తిరిగిన సొరంగాలు తొలుస్తూ చెట్టుకు ఆహారం అందే దారిని తెగ్గోస్తాయి. వాటి కోసం వడ్రంగిపిట్టలు పై బెరడును చెక్కేయడంతో మాను మీద లేతరంగు మచ్చలు పరుచుకుంటాయి, మా రోడ్డు పొడవునా ఇలాంటి చెట్లు నిలబడి ఉన్నాయి. చచ్చిన యాష్ చాలా పెళుసుగా మారుతుంది. రంపం తగిలిన అదురుకే పైకొమ్మలు విరిగి మీద పడతాయి. నిపుణులు పడగొట్టాక ఆ దుంగలు అడిగి తెచ్చుకుంటే మాత్రం అంతకంటే అనుకూలమైన కట్టె కొత్తవారికి లేదు: పచ్చిగా ఉన్నప్పుడే యాష్‌లో నీరు తక్కువ, నార తిన్నగా ఉండటం వల్ల గొడ్డలికి సులువుగా విచ్చుకుంటుంది, వసంతంలో చీల్చితే అక్టోబరుకు సిద్ధమవుతుంది.

ఆ పురుగు ఊరూరా పాకడానికి మనుషులు మోసుకెళ్లిన కట్టెలే పెద్ద కారణం. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 2008లో ఆసియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ అనే మరో పురుగు బయటపడినప్పుడు దాన్ని అడ్డుకోవడానికి వేలాది చెట్లను నరికివేయవలసి వచ్చింది. అందుకే ప్రత్యేక అనుమతి ఒప్పందం లేకుండా, వేడితో శుద్ధి చేయని కట్టెలను బయటి రాష్ట్రాల నుంచి న్యూహ్యాంప్‌షైర్‌లోకి తేకూడదు. పక్క రాష్ట్రంలోని మిత్రులు ఉచితంగా ఇస్తామన్నా దయచేసి కారులో వేసుకుని రావద్దు. ఈ అడవులు మనకు వెచ్చదనాన్ని ఇస్తున్నప్పుడు వాటికి మనం చేయగలిగిన కనీస మేలు ఇది.

కొనేటప్పుడు కొలత అడగండి. ఒక కార్డు అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవున దగ్గరగా పేర్చిన కట్టెలు, అంటే 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డు అని అమ్మేది 16 అంగుళాల కట్టెల ఒకే వరుస. అది కార్డులో మూడో వంతు మాత్రమే. లారీ లెక్కనో, కుప్ప లెక్కనో బేరం చేయకండి. ఎన్ని కార్డులో రాసి ఉన్న రసీదు తీసుకుని, పేర్చాక మీరే కొలిచి చూసుకోండి. చోటూ చేవా ఉంటే దుంగల లోడు మొత్తంగా తెప్పించుకోవడం చౌక. రాక్ మేపుల్, బీచ్, ఎల్లో బిర్చ్, యాష్, ఓక్ అన్నీ బరువైన జాతులే, మంచి వేడినిస్తాయి. వైట్ పైన్ ఒక కార్డులో వీటితో పోలిస్తే చాలా తక్కువ వేడి ఉంటుంది కానీ అది తొందరగా ఎండుతుంది, పొడిగా ఉంటే నిప్పు రాజేయడానికీ శరదృతువు సాయంత్రాలకూ చక్కగా సరిపోతుంది. పైన్ కాలిస్తే పొగగొట్టం పాడవుతుందన్న మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. పాడుచేసేది పైన్ కాదు, తడి.

ఎండబెట్టడంలో గాలికే మొదటి స్థానం, తర్వాతే ఎండకు. ఇంటికి దక్షిణాన, గాలి పారే చోట, నేలకు తగలకుండా ప్యాలెట్ల (సరుకులు పేర్చే చెక్క చట్రాల) మీద ఒకే వరుసగా పేర్చండి. వాన, మంచు పడకుండా పైభాగాన్ని మాత్రమే రేకుతో కప్పి, పక్కలు పూర్తిగా వదిలేయాలి. కుప్ప మొత్తాన్ని టార్పాలిన్‌లో చుట్టేస్తే లోపలి ఆవిరి బయటికి పోక బూజు పడుతుంది. ఇంటి గోడకు ఆనించి పేర్చకండి, కట్టెల్లోని చీమలు గోడలోని చెక్కకు పాకుతాయి. యాష్, మేపుల్ వంటివి ఒక పూర్తి వేసవి అడుగుతాయి, ఓక్‌కు కనీసం రెండు కావాలి. నేను ప్రతి వరుసలోనూ ఒక కట్టె మీద సుద్దతో గుర్తు పెట్టి వంటింటి త్రాసు మీద తూచి, ఆ బరువును దాని కొస మీదే రాస్తాను. వేసవి అంతా నెలకోసారి తూచుతూ ఉంటే మొదట్లో బరువు చకచకా పడిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి ఒకచోట నిలిచిపోతుంది. అలా నిలిచిందంటే బయటి గాలిలో అంతకు మించి ఎండదని అర్థం. రెండు కట్టెలను ఒకదానికొకటి తాటిస్తే వచ్చే ఖంగుమనే శబ్దం కూడా గుర్తే, కానీ త్రాసునే నేను నమ్ముతాను.

మండించే పద్ధతి గురించి. మన పొయ్యిలో చితుకులు కింద పెట్టి రాజేసి, కట్టెలను ఎగదోస్తూ ఉంటాం. మూసి ఉండే ఈ స్టవ్‌లో దానికి తిరగేసి చేయడం మేలు: లావు కట్టెలు అడుగున, సన్నవి వాటి మీద, చితుకులు అన్నిటికంటే పైన పెట్టి పైనుంచే అంటించండి. అడుగు కట్టెల నుంచి లేచే పొగ పై మంటలోంచి పోవలసి రావడంతో అక్కడే కాలిపోతుంది, పొగగొట్టం కూడా తొందరగా వేడెక్కుతుంది. కట్టెలు బాగా అంటుకున్నాకే స్టవ్‌లోకి గాలిని వదిలే మీటను మెల్లగా తగ్గించాలి. రాత్రంతా నిలవాలని మీటను పూర్తిగా మూసేసి, మంట లేకుండా కుములుతూ ఉండేలా వదలకండి. పొగలోని తారు చల్లబడిన పొగగొట్టం గోడలకు పట్టి క్రియోసోట్‌గా గట్టిపడేది అలాంటి రాత్రుల్లోనే, అదే ఒక రోజు అంటుకుని పొగగొట్టంలో మంటలు లేపుతుంది. ఈ చలికాలం తడి ఓక్ కాల్చారు కాబట్టి, మళ్లీ మంట వేసేముందు పొగగొట్టం శుభ్రం చేసే నిపుణులను పిలిపించండి. మామూలుగా ఏడాదికోసారి తనిఖీ చేయించాలి, క్రియోసోట్ పొర అంగుళంలో ఎనిమిదో వంతుకు చేరితే వెంటనే తీయించాలి. అదే రోజు వారిని స్టవ్ వెనకనున్న లోహపు పలకను చూడమనండి. అమెరికా పర్యావరణ సంస్థ స్టవ్‌లకు మొదటి ప్రమాణాలు పెట్టింది 1988లో, ఇప్పుడు అమలులో ఉన్న కఠినమైన ప్రమాణాలు వచ్చింది 2020లో. పలక మీద ఆ సంస్థ ధ్రువీకరణ లేకపోతే స్టవ్ చాలా పాతదనుకోవచ్చు, అప్పుడు మార్చడం సబబే. అయితే కొత్త స్టవ్ తడి కట్టెను ఇంకా తక్కువగా సహిస్తుంది.

స్టవ్ ఉన్న అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పక పెట్టండి. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి తీసి, ఇంటికీ కట్టెల కుప్పకూ దూరంగా, వరండా చెక్కల మీద కాకుండా నేల మీద పెట్టండి. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పుకణికలు రోజుల తరబడి బతికి ఉంటాయి. రంగు వేసిన చెక్క, పురుగు పట్టకుండా రసాయనం ఎక్కించిన చెక్క, ప్లాస్టిక్ స్టవ్‌లో వేయవద్దు.

బేస్‌మెంట్ విషయానికొస్తే, పచ్చి కట్టెలను అక్కడ పెట్టడం మంచిది కాదు. ఒక కార్డు పచ్చి ఓక్‌లో వందల లీటర్ల నీరు ఉంటుంది, అదంతా మీ ఇంటి గాలిలోకే చేరి గోడలకు బూజు పట్టిస్తుంది. పూర్తిగా ఎండిన వాటిని మాత్రం వారానికి సరిపడా తెచ్చి పెట్టుకోవచ్చు. స్టవ్‌కు కనీసం మూడడుగుల దూరంలో ఉంచి, బెరడు ఊడి వేలాడుతున్న కట్టెలను బయటే దులిపి తెచ్చుకోండి.