చుట్టాలకి ఈ మాట ఎలా చెప్పాలంటే

అమ్మడూ,

నీ రిపోర్టు చూశాను. బీఆర్‌సీఏ1 జన్యువులో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ప్రమాదం పెంచే మార్పు ఉందని, అది మీ నాన్న వైపు నుంచి వచ్చిందని తేలింది కదా, ఇక ఆయన తోబుట్టువులకి చెప్పక తప్పదు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తానన్నావట, ఆ పని మాత్రం చెయ్యకు. ఇలాంటి కబురు వాట్సాప్‌లో చూసినవాళ్లు భయపడిపోయి నీ ఫోన్ కూడా ఎత్తరు.

ముందు గుణుపురం వెళ్లి మీ అత్త దగ్గర కూర్చో. నీ సంగతి వెంటనే ఎత్తకుండా నాయనమ్మ సంగతి అడుగు. "కడుపులో గడ్డ" వచ్చి పోయిందంటారు గానీ ఆ గడ్డ అండాశయానిదా, ఏ వయసులో వచ్చింది అని ఎవరూ ఆరా తియ్యలేదు. పాత ఆస్పత్రి చీటీలు ట్రంకుపెట్టెలో, చీరల అడుగున దాచే మనిషి మీ అత్త. అవి ముందేసుకుని మాట్లాడుతుంటే "అయితే నాకూ ఉంటుందా" అని ఆవిడే అడుగుతుంది. మా అత్తవారింట్లోనూ నేను చూశాను, అలా తామై అడిగినవాళ్లే టెస్టుకి వెళ్లారు.

బరంపురంలో పెదనాన్నగారి దగ్గరే కష్టం. "అది ఆడవాళ్ల జబ్బు, మాకు ఇద్దరూ కొడుకులే" అంటారు. మీ నాన్నకి ఏ జబ్బూ లేకుండానే నీకు వచ్చింది కదా, అదే చూపించు. తల్లికున్నా తండ్రికున్నా ప్రతి బిడ్డకీ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం ఉంటుంది. పెద్దన్నయ్య భార్య ఒడియా పిల్ల, అందరూ గబగబా తెలుగులో మాట్లాడేస్తుంటే ఆమెకి సగం అందదు, కూతురున్న తల్లి కాబట్టి విడిగా ఒడియాలో చెప్పు.

"పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది, బయటికి పొక్కితే సంబంధాలు రావు" అంటుంది అత్త. కొట్టిపారేయకు, మన వైపు ఆ భయం ఉత్తిది కాదు. ఎవరి ఫలితం వాళ్లదే, నీ నోటి నుంచి మూడో మనిషికి వెళ్లదని మాటివ్వు.

రొమ్ము క్యాన్సర్ ప్రమాదం నూటికి 70 దాకా అన్న అంకెతో మొదలుపెట్టకు. చెయ్యగలిగింది ముందు చెప్పు: మార్పు ఉన్న ఆడపిల్లలకి 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ముకి ఎమ్మారై స్కాన్ ఉంది. అండాశయానికి నమ్మదగ్గ స్క్రీనింగ్ లేదు గనుక, పిల్లలు చాలనుకున్నాక 35–40 ఏళ్ల మధ్య అండాశయాలు, వాటి ట్యూబులు తీయించుకోమంటారు డాక్టర్లు. నీలో దొరికిన ఆ ఒక్క మార్పునే వెతికితే చాలు కాబట్టి వాళ్ల టెస్టు నీదానికంటే చవక. అందుకే జన్యు పరీక్షల మీద సలహా ఇచ్చే కౌన్సెలర్‌ చేత, ఆ మార్పు పేరుతో చుట్టాలకిచ్చే ఉత్తరం రాయించుకో. వద్దన్నవాళ్లతో వాదించకుండా అది చేతికిచ్చి రా.

ఎప్పుడు వెళ్తావో చెప్పు, పర్లాకిమిడిలో నేనూ రైలెక్కుతాను.

మీ పిన్ని