పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మన వలస చరిత్రకు హ్యుమానిటీస్ గ్రాంటు

ప్రశ్న: మేము అమెరికాలో ఒక మధ్యతరహా నగరంలో ఉంటున్నాము. మా తెలుగు సంఘం 501 సి 3 కింద గుర్తింపు పొందిన లాభాపేక్ష లేని సంస్థ. 1960ల చివరి నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన పెద్దవారి అనుభవాలను రికార్డు చేసి, ఆ సందర్భంగా కూచిపూడి ప్రదర్శన, విందు ఏర్పాటు చేయాలనుకుంటున్నాము. మా రాష్ట్ర హ్యుమానిటీస్ కౌన్సిల్ దీనికి గ్రాంటు ఇస్తుందా?

జవాబు: రికార్డింగు పనికి అవకాశం బాగానే ఉంది. ప్రదర్శనకు, విందుకు ఆ డబ్బు ఆశించకండి. మన సంఘాల దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి కాబట్టి కారణం వివరంగా చెబుతాను.

రాష్ట్ర హ్యుమానిటీస్ కౌన్సిళ్లు రాష్ట్రాలలోను, వాషింగ్టన్ నగరంలోను, ప్యూర్టో రికో, గువాం వంటి ప్రాంతాలలోను కలిపి 56 ఉన్నాయి. నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అనే సమాఖ్య ప్రభుత్వ సంస్థ నుంచి వచ్చే నిధులలో కొంత భాగాన్ని ఇవి తమ పరిధిలోని గ్రంథాలయాలకు, మ్యూజియంలకు, మీలాంటి సంఘాలకు చిన్న గ్రాంట్లుగా పంచుతాయి. చరిత్ర, సాహిత్యం, భాష, తత్త్వశాస్త్రం, మతాల తులనాత్మక అధ్యయనం, కళల చరిత్ర, విమర్శ వీటి పరిధిలోకి వస్తాయి. నృత్య ప్రదర్శన ఖర్చు మీ రాష్ట్ర ఆర్ట్స్ కౌన్సిల్‌ను అడగవలసినది. అయితే కృష్ణా తీరంలోని ఒక గ్రామం పేరుతో ఎదిగిన నృత్యం అమెరికాలో రెండో తరం పిల్లలకు ఎలా చేరిందో ఒక పరిశోధకుడు వివరించి, సభికులతో చర్చించే కార్యక్రమాన్ని హ్యుమానిటీస్ కౌన్సిల్ పరిశీలించగలదు. విందు, నిధుల సేకరణ సభ, పూజ, రాజకీయ ప్రచారం సాధారణంగా ఏ కౌన్సిల్ నిబంధనలలోనూ ఇమడవు.

కాబట్టి దరఖాస్తును ఉత్సవంతో మొదలుపెట్టకుండా ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. మీ విషయంలో ఆ ప్రశ్న చరిత్రలోనే సిద్ధంగా ఉంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 సెప్టెంబరు 29న సంతకం చేసిన చట్టంతో ఆ ఎండోమెంట్ ఏర్పడింది. నాలుగు రోజుల తరువాత, అక్టోబరు 3న, దేశాలవారీ కోటాలను తొలగించిన వలస చట్టంపై ఆయనే సంతకం చేశారు. మీ ఊరికి వచ్చిన తొలి తెలుగు డాక్టర్లకు, ఇంజనీర్లకు దారి తెరిచింది ఈ రెండో చట్టమే. వారు వచ్చాక ఆ ఊరి ఆసుపత్రి, బడి, ఇరుగుపొరుగు ఎలా మారాయి, ఊరు వారిని ఎలా మార్చింది అని అడిగితే అది తెలుగువారికి మాత్రమే పరిమితమైన కథ కాకుండా మొత్తం ఊరి చరిత్ర అవుతుంది. నిర్ణేతలు ముఖ్యంగా చూసేది ఇదే: ఈ పని ఎవరి కోసం, సంఘ సభ్యులు కానివారు వచ్చి కూర్చుని మాట్లాడే చోటు ఇందులో ఉందా? సభను ఊరి గ్రంథాలయంలో, ప్రవేశ రుసుము లేకుండా పెట్టండి. ఆ డాక్టర్లతో కలిసి పనిచేసిన నర్సులను, వారి పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయులను కూడా పలకరించండి.

దాదాపు ప్రతి కౌన్సిల్ ఒక పండితుడి భాగస్వామ్యం కోరుతుంది. ఆ వ్యక్తికి తెలుగు రానవసరం లేదు. సమీప విశ్వవిద్యాలయంలో వలసల చరిత్ర బోధించే అధ్యాపకురాలైతే మరీ మంచిది, కాని ఆమె పేరును చివరి రోజున దరఖాస్తులో చేర్చవద్దు. ప్రశ్నలు తయారు చేసే దశలోనే పిలిచి, గౌరవ వేతనాన్ని బడ్జెట్‌లో చూపించండి. అనుభవాలు చెప్పే ప్రతి ఒక్కరి నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి, ఏ భాగం బయటకు రాకూడదో చెప్పే హక్కు వారికి ఉండాలి. పెద్దలు వీసాల గురించి, వదిలి వచ్చిన తల్లిదండ్రుల గురించి మాట్లాడేటప్పుడు ఈ హక్కు ఎంత అవసరమో మీకే తెలుస్తుంది. తెలుగులో మాట్లాడినవారిని తెలుగులోనే రికార్డు చేసి, ఆంగ్ల అనువాదం ఖర్చును విడిగా చూపండి. ఆ రికార్డులు చివరికి ఎక్కడ భద్రంగా ఉంటాయో కూడా రాయండి. సంఘం కార్యదర్శి కంప్యూటర్ అందుకు సరైన చోటు కాదు. ఊరి గ్రంథాలయంతోనో, 2008లో మొదలైన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ వంటి సంస్థతోనో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: గ్రాంటుకు సమానమైన మొత్తాన్ని మేము చూపాలంటున్నారు. మా దగ్గర అంత నగదు లేదు.

జవాబు: చాలా కౌన్సిళ్లు నగదే కావాలని పట్టుబట్టవు. వాలంటీర్ల సమయం, ఉచితంగా లభించిన గది అద్దె, ఎరువు తెచ్చుకున్న కెమెరాల విలువ కూడా లెక్కలోకి వస్తాయి. వాలంటీరు గంట విలువకు ఇండిపెండెంట్ సెక్టర్ అనే సంస్థ ఏటా ప్రకటించే అంకెను చాలామంది ఆధారంగా తీసుకుంటారు. 2023కు అది 33.49 డాలర్లు. పదిమంది ఇరవై గంటల చొప్పున పనిచేస్తే ఆ రేటున 6,698 డాలర్లు అవుతుంది. వృత్తిరీత్యా వీడియోగ్రాఫర్ అయినవారు వీడియో తీసిపెడితే వారి వృత్తి రేటు చూపవచ్చు, డాక్టరుగారు కుర్చీలు సర్దితే మాత్రం డాక్టరు రేటు చూపకూడదు. తేదీ, గంటలు, చేసిన పని, సంతకం ఉన్న పట్టికను మొదటి రోజు నుంచే నింపండి, ఎందుకంటే ఆరు నెలల తరువాత జ్ఞాపకం మీద రాసిన లెక్క తనిఖీకి నిలవదు. ఒకే గంటను రెండు గ్రాంట్ల కింద చూపకూడదు. సమాఖ్య నిధులతో ఇచ్చే గ్రాంటుకు యూఈఐ అనే గుర్తింపు సంఖ్య కూడా అవసరం. 2022 ఏప్రిల్ నుంచి దానిని ప్రభుత్వ శామ్ (SAM.gov) వెబ్‌సైటే ఉచితంగా ఇస్తోంది. డబ్బు తీసుకుని ఇప్పిస్తామని వచ్చే ఉత్తరాలను నమ్మకండి.

ప్రశ్న: 2025లో ఈ నిధులను ఆపేశారు కదా. ఇంకా దరఖాస్తు చేయడంలో అర్థముందా?

జవాబు: ఉంది, కాని జాగ్రత్తగా చేయాలి. 2025 ఏప్రిల్‌లో ఎండోమెంట్ అప్పటికే మంజూరైన గ్రాంట్లను, కౌన్సిళ్ల నిర్వహణ నిధులతో సహా, రద్దు చేసింది. ఆ నెలాఖరుకు మెలన్ ఫౌండేషన్ అనే ప్రైవేటు దాతృత్వ సంస్థ కౌన్సిళ్లన్నిటికీ కలిపి కోటీ యాభై లక్షల డాలర్ల అత్యవసర సహాయం ప్రకటించింది. ఆగస్టులో ఒరెగాన్‌లోని సమాఖ్య న్యాయస్థానం కౌన్సిళ్లకు అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ఊరూరా చిన్న సంస్థలకు చేరే ఈ కొద్ది డబ్బు ఇలా కోర్టుల చుట్టూ తిరగవలసి రావడం బాధాకరం. అరవై ఏళ్ల కిందట వచ్చినవారు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. వారి మాటలు రికార్డు చేసే పని నిధుల కోసం ఏళ్ల తరబడి ఆగడానికి వీలులేదు.

మీ కౌన్సిల్ కార్యక్రమాధికారికి ముందుగా ఫోన్ చేసి, ఈ ఏడాది ఏ గ్రాంటు తెరిచి ఉందో, ఆ సొమ్ము సమాఖ్య నిధుల నుంచా, రాష్ట్రం నుంచా, దాతల నుంచా వస్తోందో అడగండి. ఒప్పందంపై సంతకాలు కాకముందు పెట్టిన ఖర్చును సాధారణంగా తిరిగి ఇవ్వరు. మీ ఊరి కమ్యూనిటీ ఫౌండేషన్‌కూ అదే ప్రతిపాదనను పంపండి. పనిని దశలుగా విడగొట్టి, వయసులో అందరికంటే పెద్దవారైన అయిదుగురి రికార్డింగును సంఘం సొంత డబ్బుతో ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ రికార్డులలోని ఒక భాగాన్ని, పండితురాలి వ్యాఖ్యతో కలిపి, దరఖాస్తుకు నమూనాగా జతచేయండి.