మూలకణాలే కాదు, వాటి ఇరుగుపొరుగు కూడా

ప్రశ్న: మా అమ్మకి రెండేళ్ల కింద పెల్విస్ మీద 25 సిట్టింగులు రేడియేషన్ ఇచ్చారు. ఈమధ్య ఎమ్మారైలో ఆ ఎముకల్లో మూలుగంతా కొవ్వు అయిపోయిందని వచ్చింది, తెల్లకణాలు కూడా కాస్త తక్కువే. మూలకణాలు చచ్చిపోతే కొత్తవి ఎక్కించొచ్చు కదండీ? బ్లడ్ కాన్సర్ వాళ్లకి ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి మరీ ఎక్కిస్తారట?

జవాబు: మీ డౌట్ కరెక్టేనండి, తేడా అంతా డోసులోనే ఉంది. రక్తం తయారుచేసే మూలకణం ఒంటరిగా బతకలేదు, దాని పక్కనే సన్నటి రక్తనాళాల గోడ కణాలు, వాటిని అంటుకుని స్ట్రోమా కణాలు, అంటే మూలుగకి ఆసరాగా ఉండే కణాలు ఉంటాయి, సీఎక్స్‌సీఎల్12 అనే ప్రోటీన్ వదిలి దాన్ని అక్కడే పట్టి ఉంచేదీ, ఎస్‌సీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ ఇచ్చి బతికించేదీ ఇవే. ఈ చోటుకి 1978లో స్కోఫీల్డ్ అనే ఆయన 'నిష్' అని పేరు పెట్టారు, అప్పటికి ఊహే, చూపించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ట్రాన్స్‌ప్లాంట్ ముందు ఒళ్లంతా ఇచ్చేది మామూలుగా 12 గ్రే (రేడియేషన్ డోసుకి కొలత) దాకా, అదీ కొన్ని రోజులకి పంచి. దానికి మూలకణాలు పోతాయి, రక్తనాళాలు చిట్లి లీకవుతాయి, కానీ స్ట్రోమా కణాలు మొండివి, చాలావరకు తట్టుకుంటాయి, నాళాలు కూడా మళ్లీ అల్లుకుంటాయి. అందుకే డోనర్ కణాల్ని చేతి నరంలోకి ఎక్కించినా అవే దారి వెతుక్కుని మూలుగలోకి చేరి స్థిరపడతాయి.

అమ్మగారికి ఇచ్చింది అలా కాదు, 25 సిట్టింగులంటే మామూలుగా 45 గ్రే దగ్గర, అంతా ఒకేచోట. 30, 40 గ్రే దాటితే మూలకణంతో పాటు దాని ఇరుగుపొరుగు కూడా పోతుంది, ఖాళీ అయిన చోట కొవ్వు కణాలు నిండుతాయి. రిపోర్టు కాదు, ఫిల్మే ఒకసారి చూడండి, రేడియేషన్ పడిన మేర ఎముక తెల్లగా, పడని వెన్నుపూస ముదురుగా, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత కనిపిస్తుంది. అక్కడికి కొత్త కణాలు పంపినా దిగడానికి చోటేదీ?

అయితే కంగారు పడకండి, వెన్ను, రొమ్ము ఎముక, పక్కటెముకల్లో మూలుగ బాగానే ఉంటుంది, ఆ లోటు చాలావరకు అవే మోస్తాయి. కాకపోతే రిజర్వ్ తగ్గినట్టే, కాబట్టి ముందుముందు ఎప్పుడైనా కీమో అవసరమైతే ఈ పాత రేడియేషన్ కాగితాలు డాక్టర్‌కి ముందే చూపించండి, కౌంట్లు మాత్రం వాళ్లు చెప్పిన టైముకి చేయిస్తూ ఉండండి.