రసాయనాల ప్రమాదాలపై కార్మికులకు ఏం నేర్పాలి?

ఫార్మా యూనిట్‌లో కొత్తగా చేరినవారికి రసాయనాల గురించి ఏ శిక్షణ ఇవ్వాలన్నది ప్రశ్న. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, పనిలో ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం పొందడం కార్మికుల హక్కని స్పష్టం చేసింది. అయితే రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే భద్రతా సమాచార పత్రం మీద సంతకం పెట్టించుకోవడాన్ని శిక్షణ అనలేము. వ్యర్థజలాల ట్యాంకు మూత తీయగానే వచ్చిన కుళ్ళిన గుడ్ల వాసన కాసేపటికి ఆగిపోతే, ఆ వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పోయిందని కాదు, మోతాదు పెరిగి ముక్కు మొద్దుబారి ఉండవచ్చు. ఈ సంగతిని ఆ ట్యాంకు చూపిస్తూ, ఒడిశా నుంచి వచ్చినవారికి ఒడియాలో, బీహార్ వారికి హిందీలో చెప్పాలి. లోపల ఎవరైనా పడిపోతే శ్వాస పరికరం లేకుండా దిగకూడదన్నది మాత్రం పదేపదే సాధన చేయించాలి, ఎందుకంటే ఇటువంటి ప్రమాదాల్లో కాపాడబోయినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.