హిస్టరీ హానర్సా, రెండు సబ్జెక్టుల బీఏనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంటర్‌లో హెచ్ఈసీ చదివారు, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాశారు. ఢిల్లీ యూనివర్సిటీలో హిస్టరీ ఒక్కటే ప్రధానంగా ఉండే హిస్టరీ హానర్స్‌కీ, హిస్టరీ–పొలిటికల్ సైన్స్ కలిపి ఉన్న బీఏ ప్రోగ్రామ్‌కీ సీటు వచ్చేంత స్కోరు ఉంది. మీ నాన్నగారు రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటున్నారు. మీ మేనమామ రెండు సబ్జెక్టులుంటే ఉద్యోగాలకూ సివిల్స్‌కూ మంచిదంటున్నారు. మీకేమో శాసనాలు, ఊళ్ల పాత చరిత్రలు వెతకడం ఇష్టం. రాజకీయాలు రోజూ వార్తల్లో ఫాలో అవుతుంటారు.

నేను డిగ్రీలో సరిగ్గా ఈ రెండు సబ్జెక్టులే కలిపి చదివాను. తర్వాత హిస్టరీలో ఎంఏ చేశాను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కాబట్టి రెండువైపులా కొంత చూసినదాన్ని బట్టి నా మాట: మీకైతే హానర్స్. అయితే మీ నాన్నగారు చెప్పిన కారణం వల్ల మాత్రం కాదు.

రెండు సబ్జెక్టులు కలిస్తే ఎంత బాగుంటుందో ముందు చెప్పాలి. లేకపోతే నా సలహా ఒంటిచేతి చప్పట్లలా ఉంటుంది. రెండో ఏడు మాకు భాషాప్రయుక్త రాష్ట్రాల మీద అసైన్‌మెంట్ ఇచ్చారు. హిస్టరీలో ఒకటి, పొలిటికల్ సైన్స్‌లో ఒకటి, దాదాపు ఒకే టాపిక్. ఒకే వ్యాసం రాసి, కొద్దిగా అటూఇటూ మార్చి రెండు చోట్లా ఇచ్చేశాను. పొట్టి శ్రీరాములు దీక్ష, 1952 డిసెంబర్ 15న ఆయన మరణం, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. వరసగా అన్నీ ఉన్నాయి.

హిస్టరీ మేడమ్ మార్జిన్‌లో ఎర్రసిరాతో ఒకటే రాశారు: "కమిషన్ రిపోర్టు మీరు చదివారా, ఎవరో చదివి చెప్పింది రాశారా?" అడిగింది సబబే. లైబ్రరీకెళ్లి 1955 నాటి రిపోర్టు తీశాను. తెలంగాణను వెంటనే ఆంధ్రతో కలపమని కమిషన్ చెప్పలేదు. హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితే అప్పుడు కలపొచ్చంది. ఏ గైడులోనూ నేనా షరతు అంత స్పష్టంగా చూడలేదు.

పొలిటికల్ సైన్స్ సార్ అదే వ్యాసం మీద వేరేది రాశారు: "జరిగింది చెప్పావు. ఇలా జరగడానికి రాజ్యాంగం ఎందుకు వీలిచ్చింది?" అప్పుడు ఆర్టికల్ 3 చదివాను. రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, కానీ దానికి కట్టుబడక్కర్లేదు. 2014 జనవరి 30న అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. ఎలాగో అర్థం కావాలంటే ఈ ఆర్టికల్ తెలియాలి. ఒకే సంఘటన మీద ఇద్దరు టీచర్లు రెండు వేరు ప్రశ్నలు వేశారు, రెండూ న్యాయమైనవే. ఆ అసైన్‌మెంట్ల వల్ల నేర్చుకున్నంత నేను చాలా పేపర్లలో నేర్చుకోలేదు.

మరి హానర్స్ అని ఎందుకంటున్నాను? ఎంఏ మొదటి సెమిస్టర్‌లో కనిపించిన తేడా వల్ల. క్లాసులో సగానికి పైగా హానర్స్ చేసి వచ్చినవాళ్లే. వాళ్లకు నాకంటే ఎక్కువ తేదీలు తెలుసనుకుంటారేమో, కాదు. తేదీల్లో మేమంతా ఒకటే. తేడా ఆధారాలతో పనిచేయడంలో వచ్చింది. ఒక దానశాసనం చేతికిస్తే నా పక్కన కూర్చున్న అమ్మాయి ముందు ఎవరు వేయించారు, ఏ భాషలో, ఎక్కడ నిలిపారు, ఎవరికి పన్ను మాఫీ చేశారు అని చూసేది. ఆ రాజును పొగిడిన పద్యాల్ని చివరికి పెట్టుకునేది. నేనేమో ముందు ఆ పొగడ్తనే చదివి, అదే రాజు పరిపాలన అని రాసేవాణ్ణి. ఒకే కాలాన్ని చరిత్రకారులు వేర్వేరుగా ఎందుకు రాశారనే హిస్టోరియోగ్రఫీ పాఠాలు తను డిగ్రీ చివరి ఏడాదే చదివేసింది. మా కోర్సులో ఆ స్థానంలో రెండో సబ్జెక్టు పేపర్లుండేవి.

కలిపి చదివే కోర్సుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. రెండు డిపార్ట్‌మెంట్లూ తమ పునాది పేపర్లు వదులుకోవు. ప్రాచీన భారతం, మధ్యయుగం, ఆధునికం ఉండాల్సిందే. అటు రాజకీయ సిద్ధాంతం, భారత రాజ్యాంగం, అంతర్జాతీయ సంబంధాలు ఉండాల్సిందే. కోత పడేది పైనున్న పేపర్లకు, అంటే పద్ధతి నేర్పేవాటికి, ఒక చిన్న కాలాన్నో ప్రాంతాన్నో పట్టుకుని లోతుగా చదివించేవాటికి. ఢిల్లీ యూనివర్సిటీలో 2022లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం హానర్స్‌లో సెమిస్టర్‌కు మూడు కోర్ పేపర్లు, అంటే తప్పనిసరి ప్రధాన పేపర్లు, ఆరు సెమిస్టర్లలో 18. అన్నీ ఒకే సబ్జెక్టులో. బీఏ ప్రోగ్రామ్‌లో కోర్ పేపర్లను రెండు సబ్జెక్టులు పంచుకుంటాయి. అందుకని కోర్సు పేరు పక్కన పెట్టి, రెండింటి ఐదో, ఆరో సెమిస్టర్ల సిలబస్ పీడీఎఫ్‌లు తెరవండి. హిస్టరీ కింద ఏ పేపర్లు మిగిలాయో చూడండి. మొదటి సంవత్సరం చూస్తే రెండు కోర్సులూ ఒకేలా కనిపిస్తాయి, మోసపోతారు.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మీరు రాజకీయాలను ఇష్టపడుతున్నారు. పొలిటికల్ సైన్స్‌ను ఇష్టపడుతున్నారో లేదో మీ ప్రశ్నలో కనిపించలేదు. మొదటి సెమిస్టర్‌లో ఎన్నికలూ పొత్తులూ ఉండవు. స్వేచ్ఛ అంటే ఏమిటి, సమానత్వం అంటే ఏమిటి, రాజ్యానికి మనం ఎందుకు లోబడాలి అని నెలల తరబడి వాదించుకుంటారు. నాకు అదెంతో నచ్చింది. నాతో చేరినవాళ్లలో టీవీ చర్చలు చూసి వచ్చినవాళ్లు చాలామంది దసరా సెలవులనాటికే నీరసపడిపోయారు. చరిత్ర విషయంలో మీకు అలాంటి సందేహం లేదు. శాసనాలు వెతుక్కుంటూ తిరిగేవాళ్లు చరిత్రలో బోర్ కొట్టి మానేయడం నేనైతే చూడలేదు.

రెండూ కలిపి ఎవరు తీసుకోవాలంటే, వాళ్ల ప్రశ్న ఒక్క సబ్జెక్టుతో తెగనప్పుడు. కరువుల చరిత్ర చదవాలనుకునేవాళ్లకు ఎకనామిక్స్ లేకపోతే ధాన్యం ధరలు ఎందుకు పెరిగాయో అంతుపట్టదు. పాత కావ్యాల్లో సమాజాన్ని వెతికేవాళ్లకు సాహిత్యం కావాలి. అలాంటివాళ్లకు నేనే కలిపి తీసుకోమంటాను. రెండూ బాగుంటాయి కదా, ఒకటి వదలాలంటే మనసొప్పడం లేదు కదా అని తీసుకుంటే మాత్రం మూడేళ్లు ఒకే వారంలో రెండు డిపార్ట్‌మెంట్ల ఇంటర్నల్స్ రాసుకుంటూ గడిచిపోతాయి. ఏ డిపార్ట్‌మెంట్‌కీ మీరు పూర్తిగా వాళ్ల విద్యార్థి కారు. సెమినార్ పెడితే ముందు హానర్స్ పిల్లల్నే పిలుస్తారు. ఇది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ రాయరు.

సివిల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. దాని కోసం డిగ్రీ సబ్జెక్టు ఎంచుకోనక్కర్లేదు. ఏ డిగ్రీ అయినా చాలు. 2013 నుంచి మెయిన్స్‌లో ఆప్షనల్ ఒక్కటే, 250 మార్కుల పేపర్లు రెండు. హిస్టరీ చదివి పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్నా ఎవరూ అడగరు. జనరల్ స్టడీస్‌కి పాలిటీ అందరూ చదవాల్సిందే, ఇంజినీరింగ్ చేసినవాళ్లతో సహా.

మీ మేనమామ మాటలో నిజం ఉన్నది టీచర్ ఉద్యోగాల దగ్గర. కేంద్రీయ విద్యాలయాల్లో సోషల్ స్టడీస్ టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టుకు హిస్టరీ, జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ నాలుగింటిలో ఏవైనా రెండు డిగ్రీలో చదివుండాలి. ఆ రెండింటిలో ఒకటి హిస్టరీయో జాగ్రఫీయో అయి తీరాలి. పైన బీఈడీ, టీచర్ అర్హత పరీక్ష సీటెట్ ఎలాగూ ఉన్నాయి. ఒక్క సబ్జెక్టు హానర్స్ చేసినవాళ్లు రెండోదాన్ని డిగ్రీలో ఎన్నేళ్లు చదివారో చూస్తారు. నాకు తెలిసినవాళ్లు కొందరు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఇక్కడే ఇరుక్కున్నారు. స్కూల్ టీచర్ అవ్వాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే, హానర్స్‌లో చేరినా జనరిక్ ఎలక్టివ్‌లను, అంటే వేరే డిపార్ట్‌మెంట్ల నుంచి ఎంచుకునే పేపర్లను, ప్రతి సెమిస్టర్‌లో ఒక్కో డిపార్ట్‌మెంట్ నుంచి ఏరుకోకండి. అన్నీ పొలిటికల్ సైన్స్ నుంచే తీసుకోండి. అది సరిపోతుందా అన్నది పాత నోటిఫికేషన్ తెరిచి అర్హతల పేరా చదువుకుని తేల్చుకోవాలి, కోచింగ్ సెంటర్‌వాళ్ల నోటిమాట మీద కాదు. ఇలా చేస్తే మీకు నచ్చిన రెండో సబ్జెక్టూ చేతిలో ఉంటుంది. మా రోజుల్లో ఈ వెసులుబాటు ఇంతగా లేదు, అందుకే చాలామందిమి కలిపి తీసుకున్నాం.

మన దగ్గరే చదివితే ఎలా అని కూడా చివర్లో అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం తెచ్చారు, అంటే ఒక ప్రధాన సబ్జెక్టు, పక్కన ఒక మైనర్. అంతకుముందు అక్కడ మూడు సబ్జెక్టుల గ్రూపులే. తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్ ద్వారా చేరేవాళ్లకు సబ్జెక్టుల కాంబినేషన్లుంటాయి. మూడు సబ్జెక్టుల బీఏను తక్కువ చేయను. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ గ్రూపు నుంచి వచ్చిన మంచి విద్యార్థులు నాకు తెలుసు. కానీ అక్కడ కాలేజీ లైబ్రరీ, ఆ సబ్జెక్టుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా లేదా అన్నదే కోర్సు పేరుకన్నా ఎక్కువ తేడా చేస్తుంది.

నాలుగో ఏడాది గురించి కూడా ఆలోచించి పెట్టుకోండి. యూజీసీ 2022 ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160 కనీసం ఉండాలి. డబుల్ మేజర్ అనాలంటే రెండో సబ్జెక్టులో 40 శాతం క్రెడిట్లు తెచ్చుకోవాలి, అంటే 120లో 48. నాలుగో ఏడు రీసెర్చ్‌తో హానర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి. శాసనాల మీద ఏదైనా సొంతంగా రాయాలని మీకుంటే ఆ ఏడాదే మీ ఏడాది. రెండు సబ్జెక్టుల్లోనూ 75 నిలబెట్టుకోవడం ఒకదాంట్లో నిలబెట్టుకోవడం కన్నా కష్టమే. మార్కులు వేసే పద్ధతి ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ ఒక్కోలా ఉంటుంది మరి.

ఇక ప్రిఫరెన్స్‌లు పెట్టేటప్పుడు. ఢిల్లీ యూనివర్సిటీ సీట్లు కేటాయించే సీశాస్ పోర్టల్‌లో కోర్సూ కాలేజీ కలిపి ఒక్కో వరసలో పెడతారు కదా, అక్కడే అందరూ తడబడతారు. పేరున్న కాలేజీలో బీఏ ప్రోగ్రామా, అంత పేరు లేని కాలేజీలో హిస్టరీ హానర్సా అని. మీ విషయంలో నేనైతే మీరు నిజంగా వెళ్లడానికి సిద్ధపడే కాలేజీలన్నిట్లో హిస్టరీ హానర్స్‌ను ముందు పెట్టి, ఆ కింద ప్రోగ్రామ్ పెడతాను. ఒక్క మినహాయింపు: కాలేజీ మరీ దూరమై రోజూ రెండు గంటలు బస్సులో పోయేటట్టయితే దాన్ని కిందకు దించండి, ఆ అలసటలో ఏ సబ్జెక్టూ చదవలేరు. మొదటి రౌండ్‌లో ప్రోగ్రామ్ వస్తే సీటు ఒప్పుకుని అప్‌గ్రేడ్ పెట్టుకోవచ్చు. పైనున్న ప్రిఫరెన్స్ దొరికితే పాత సీటు దానంతటదే రద్దవుతుంది, వెనక్కి రాదు. అందుకని మీకు ఇష్టంలేని కాలేజీని పొరపాటున కూడా పై వరసలో ఉంచకండి.