ప్లేస్కూల్లో రోజంతా ఆటలేనట, రెండున్నరేళ్ల బాబుకి అసలు ఏ ఆటలు ఆడించాలి? చదువెప్పుడు వస్తుంది?

చదువు సంగతి తర్వాత చూద్దాం. ఆటలంటారా, మొదట నీళ్లు, తర్వాత మట్టి. మిగతావి మీ ఓపిక.

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో, మా ఇంటి వసారాలోనే ఆరేళ్లుగా పదిమంది పిల్లల్ని ఆడిస్తున్నాను. మొదటి ఏడాది నేనూ లామినేషన్ చేయించిన పళ్ల బొమ్మలు, ప్లాస్టిక్ దిమ్మలు కొని డబ్బు తగలేశాను. ఆ ఏడాదే ఒక పిల్లాడు చేరాడు. ఎనిమిది రోజులు గేటు పట్టుకుని ఒకటే ఏడుపు. ఏ బొమ్మ చూపించినా విసిరేసేవాడు.

తొమ్మిదో రోజు మా అత్తయ్యగారు బియ్యం కొలిచే గిద్ద, సోల తెచ్చి, బకెట్లో కాసిని నీళ్లు పోసి వాడి పక్కన పెట్టారు. బుజ్జగించలేదు, పిలవలేదు. అక్కడే కూర్చుని పూలు కట్టుకుంటున్నారు. వాడు ఏడుస్తూనే గిద్ద ముంచాడు, సోలలో పోశాడు. సగం నేల మీదే. ఎన్నో గిద్దకో సోల నిండి పొర్లింది. ఆగి లోపలికి తొంగి చూశాడు. మొత్తం ఒంపేసి మళ్లీ మొదలెట్టాడు. అలా నలభై నిమిషాలు! ఏడుపు ఎప్పుడాగిందో మేమెవరం గమనించనే లేదు.

సోలకి నాలుగు గిద్దలని వాడికేం తెలుసు? కానీ వారం తిరిగేసరికి, సోల నిండబోతుంటే చెయ్యి దానంతటదే నెమ్మదించేది. ఏ వర్క్‌షీట్ నేర్పుతుందండీ ఇది?

తర్వాత ఒక పాప కొబ్బరిచిప్ప పట్టుకుని వాడి పక్కన చేరింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఎవరి నీళ్లు వాళ్లవే. "మా వాడు కలవట్లేదండీ" అని కంగారు పడే తల్లిదండ్రులకి చెబుతున్నా, ఈ వయసులో పక్కపక్కన ఆడుకోవడమే కలవడం. "షేర్ చేసుకో" అని బలవంతపెట్టకుండా ప్రతిదీ రెండేసి పెట్టండి.

ఆ పిల్లాడి తల్లి మాత్రం తడిసిన నిక్కరు చూసి, "ఫీజు కట్టేది పిల్లాణ్ణి నీళ్లలో నానబెట్టడానికా మేడమ్?" అంది. రెండు నెలలకి మాన్పించి, టై ఉన్న స్కూల్లో వేశారు. పిల్లాడికి మూడేళ్లు నిండలేదు, నాలుగు గీతల కాపీ పుస్తకం కొన్నారట! 2020 జాతీయ విద్యా విధానమే మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పమంది. ఎవరు వింటారు? వాట్సాప్‌లో ఫొటో పెట్టడానికి పనికొచ్చేదే చదువిప్పుడు. పిల్లాడు ఆటలో మునిగి ఉంటే "ఇటు చూడు నాన్నా" అని పిలిచి చెడగొట్టేది కూడా ఆ ఫొటో కోసమే.

ఒక్క జాగ్రత్త. రెండంగుళాల నీళ్లున్నా చిన్నపిల్లలకి ప్రాణం మీదకి రావచ్చు. పెద్దవాళ్లు ఒకరు అక్కణ్ణుంచి కదలకూడదు, ఆట అవగానే బకెట్ బోర్లించాలి. మన వైపు ప్రతి వీధికీ కాలువో చెరువో ఉంటుంది కాబట్టి గేటు గొళ్లెం పిల్లలకి అందనంత పైన పెట్టించండి. చింతపిక్కలు, గచ్చకాయలు మూడేళ్లు దాటాకే ఇవ్వండి, ఈలోపు ఏదైనా నోట్లోకే పోతుంది.

అన్నట్టు, ఆ గిద్ద ఇప్పుడు సొట్టలు పడిపోయింది. అత్తయ్యగారు బియ్యం స్టీలు గ్లాసుతో కొలుస్తున్నారు.